లారీ హోమ్స్ (హెవీవెయిట్ బాక్సర్)

అమెరికాకు చెందిన లారీ హోమ్స్ 1978 జూన్ నుంచి 1985 సెప్టెంబరు దాకా ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్. ఆ ఏడేళ్లలో టైటిల్‌ను వరసగా 20 సార్లు నిలబెట్టుకున్నాడు. ఒకే విడతలో అంతకన్నా ఎక్కువసార్లు నిలబెట్టుకున్న హెవీవెయిట్ జో లూయీ ఒక్కడే, 25 సార్లు. ఇంత చేసినా హోమ్స్ పేరెత్తితే చాలామందికి ముందు గుర్తొచ్చేవి రెండే: ముసలితనంలో ఉన్న అలీని కొట్టడం, టైసన్ చేతిలో కూలిపోవడం. ఆ రెండు పోటీలనూ పక్కనపెట్టి మిగతా చరిత్ర చూస్తే, మొదటి వరసలో నిలవాల్సిన బాక్సర్ ఇతడని ఒప్పుకోక తప్పదు. అతనికి దక్కనిది ప్రతిభ కాదు, కాలం. అలీ వెళ్లిపోతున్నప్పుడు వచ్చాడు, టైసన్ వస్తున్నప్పుడు వెళ్లాడు.

1949లో జార్జియాలో పుట్టిన హోమ్స్ పెన్సిల్వేనియాలోని ఈస్టన్‌లో పెరిగాడు. పన్నెండు మంది పిల్లలున్న పేద కుటుంబం. ఏడో తరగతిలోనే బడి మానేసి కార్లు కడిగే పనిలో చేరాడు. 1972 ఒలింపిక్స్ ఎంపిక పోటీల ఫైనల్లో డ్వేన్ బాబిక్‌ను పదేపదే పట్టుకుంటున్నాడని రిఫరీ అతణ్ణి అనర్హుడిగా ప్రకటించాడు. దాంతో పిరికివాడన్న మచ్చ పడింది. 1973లో వృత్తి బాక్సింగ్‌లోకి వచ్చాక కూడా కొన్నేళ్లు అలీకి, జో ఫ్రేజియర్‌కు సాధనలో ఎదురు నిలబడే స్పారింగ్ జోడీగానే జనానికి తెలుసు. ఆ సాధన శిబిరాల్లోనే పదునెక్కింది అతని ఎడమచేతి జాబ్. చెయ్యి చాచి సూటిగా విసిరే ఆ గుద్దు అతని చేతిలో దాడీ అయింది, రక్షణా అయింది. ఎదుటివాణ్ణి దూరంగా ఉంచి, లయ తప్పించి, కుడిచేతి దెబ్బకు దారి తీసేది. హెవీవెయిట్ చరిత్రలో అత్యుత్తమ జాబ్ ఇతనిదేనని చెప్పే బాక్సింగ్ నిపుణులు చాలామందే ఉన్నారు.

1978 జూన్ 9న లాస్ వెగాస్‌లో కెన్ నార్టన్‌తో జరిగిన పోటీ ఆ పిరికి ముద్రను తుడిచేసింది. ఎడమచేతి కండరం గాయపడి ఉన్నా హోమ్స్ రింగులోకి దిగాడు. 14 రౌండ్లయినా తేలని పోరు చివరి రౌండుతో తేలింది. ముగ్గురు న్యాయనిర్ణేతలూ 143-142 అని రాశారు; ఇద్దరు హోమ్స్ వైపు, ఒకరు నార్టన్ వైపు. మరుసటి ఏడాది ఎర్నీ షేవర్స్ ఏడో రౌండులో అతణ్ణి నేలకూల్చాడు. లేచి, నిలదొక్కుకుని, పదకొండో రౌండులో షేవర్స్‌ను ఆపేశాడు. 1980లో 38 ఏళ్ల అలీతో జరిగినదాన్ని మాత్రం అతని ఘనతల్లో లెక్కించకూడదు. అది జరగకుండా ఉండాల్సిన పోటీ. ప్రతి రౌండూ హోమ్స్‌దే. పదో రౌండు తర్వాత అలీ శిక్షకుడు ఏంజెలో డండీ పోటీని ఆపించాడు. 1982లో తెల్లజాతి బాక్సర్ గెర్రీ కూనీతో పోటీకి జాతి రంగు పులిమారు. చాంపియన్‌ను చివర పరిచయం చేసే ఆనవాయితీని కూడా తప్పి హోమ్స్‌ను ముందు పిలిచారు. ఆ ఒత్తిడిలోనూ అతను తొందరపడలేదు. పదమూడో రౌండులో గెలిచాడు.

అతని ప్రత్యర్థులు బలహీనులన్నది ప్రధానమైన ఆక్షేపణ. కానీ అతని చేతిలో ఓడిన మైక్ వీవర్, ట్రెవర్ బెర్బిక్, టిమ్ విథర్‌స్పూన్, జేమ్స్ స్మిత్ నలుగురూ ఆ తర్వాత ఏదో ఒక సంస్థ టైటిల్ గెలిచినవాళ్లే. బలహీనులైతే అది సాధ్యమయ్యేది కాదు. గ్రెగ్ పేజ్, పింక్లన్ థామస్‌లతో తలపడలేదన్న మాట నిజమే. 1983లో విథర్‌స్పూన్‌పై, 1985లో కార్ల్ విలియమ్స్‌పై వచ్చిన తీర్పులు వివాదాస్పదమన్నదీ నిజమే. ఇవి అతణ్ణి లూయీ, అలీల కన్నా ఒక మెట్టు కింద నిలబెడతాయేమో గానీ మామూలు చాంపియన్ల గుంపులో కలపవు.

1985 సెప్టెంబరు 21 నాటికి 48 పోటీలు, ఓటమి లేదు. ఇంకొక్కటి గెలిస్తే రాకీ మార్సియానో 49-0తో సమం. మార్సియానో తన ఆఖరి పోటీ ఆడి సరిగ్గా ముప్ఫై ఏళ్లయిన రోజది. లైట్ హెవీవెయిట్ చాంపియన్ మైకేల్ స్పింక్స్ పాయింట్ల మీద గెలిచాడు. ఆ చేదులో మార్సియానోను కించపరుస్తూ హోమ్స్ అన్న మాట అతని పేరును ఓటమికన్నా ఎక్కువ దెబ్బతీసింది. తర్వాత క్షమాపణ చెప్పాడు. 1986 మళ్లీపోటీలోనూ తీర్పు స్పింక్స్‌కే, అదీ ఏకాభిప్రాయం లేకుండా.

1988లో, దాదాపు రెండేళ్ల విరామం తర్వాత, 38 ఏళ్ల వయసులో టైసన్ చేతిలో నాలుగో రౌండులో నాకౌటయ్యాడు. 75 పోటీల్లో నాకౌట్‌గా ఓడింది అదొక్కసారే. ఆ ఒక్క రాత్రిని బట్టి అతణ్ణి తూచేవాళ్లు 1992ను కూడా చూడాలి. 42 ఏళ్ల హోమ్స్ ఆ ఏడాది ఫిబ్రవరిలో, 1988 ఒలింపిక్ స్వర్ణ విజేత రే మెర్సర్‌ను పన్నెండు రౌండ్ల పాటు తాళ్లకు ఆనుకుని, జాబ్‌తో, అనుభవంతో ఓడించాడు. కాళ్లలో వేగం పోయాక కూడా గెలిపించిన విద్య అది. ప్రత్యర్థులు బలహీనులు కాబట్టి గెలిచాడన్న వాదన ఈ పోటీ ముందు నిలవదు. జూన్‌లో అప్పటి చాంపియన్ ఇవాండర్ హోలీఫీల్డ్ చేతిలో ఓడినా పన్నెండు రౌండ్లూ నిలబడ్డాడు. 2002లో ఆఖరి పోటీ ఆడేనాటికి 69 గెలుపులు, 6 ఓటములు. గెలుపుల్లో 44 నాకౌట్లు. 2008లో అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.