చివరి నాలుగు మీటర్లు

ఈమధ్య నంగునూరులో మా మేనమామ ఇంటికి స్లాబ్ వేస్తుంటే చూడ్డానికి పోయాను. నా చిన్నప్పుడు స్లాబ్ అంటే పండగే. పొద్దున్నే మిక్సర్ గడగడలు, కింద నుంచి పైదాకా మనుషుల వరస, చేతులు మారుతూ పోయే గంపలు, సాయంత్రం మేస్త్రీకి కోడి, కల్లు. ఈసారి అవేం లేవు. ఒక లారీ వచ్చి నాలుగు కాళ్ళు బారజాపింది. వీపు మీద మడిచి పెట్టుకున్న చెయ్యి విప్పింది. నలభై మంది పని ఆరుగురితో అయిపోతోంది.

ఆ ఆరుగురిలో ఒకడు బీహార్ నుంచి వచ్చిన కుర్రాడు. ఇరవై ఏళ్ళుంటాయేమో. బూమ్ చివర వేలాడే రబ్బరు గొట్టాన్ని రెండు చేతులా కావలించుకుని నిలబడ్డాడు. సందులో కరెంటు తీగలుండి లారీ దగ్గరికి రాలేదు, వెనక మూల అందట్లేదని ఆ గొట్టానికి ఇంకో గొట్టం తగిలించారు. అతుకు దగ్గర క్లాంపు ఉంది గానీ దాని పిన్ను లేదు. పిన్ను బదులు చువ్వలు కట్టే బైండింగ్ వైరు! అడిగితే ఆపరేటర్ "ఏం గాదు అన్నా, రోజు గిట్లనే చేస్తం" అన్నాడు. ఆ తర్వాత ఏమైందో చివర్లో చెప్తాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టక దీని చరిత్ర తవ్వుతూ కూర్చున్నాను.

బరువులెత్తడం మా మండలానికి కొత్త కాదు లెండి. 2017లో నర్మెట్టలో పురావస్తు శాఖ వాళ్ళు తవ్వితే, బృహత్ శిలాయుగపు సమాధి మీద నలభై టన్నులకు పైగా తూగే బండ బయటపడింది. తీయడానికి క్రేన్ తెప్పించారు. పెట్టినోళ్ళకి క్రేన్ లేదు మరి :) అంత వెనక్కి పోనక్కర్లేదు, 1955లో పునాది పడిన నాగార్జునసాగర్ కూడా ప్రధానంగా రాతి కట్టడమే. 124 మీటర్ల ఎత్తు దాకా రాయి, మాలు కూలీల నెత్తి మీద ఎక్కింది.

జర్మనీలో కథ వేరు. 1927లోనే మాక్స్ గీసె, ఫ్రిట్జ్ హెల్ అనే ఇద్దరు కాంక్రీటుని పైపులో తోసి చూపించారు. 1932 ప్రాంతంలో కూయ్‌మన్ అనే డచ్చి ఇంజినీరు ఆ పంపుని మెరుగుపరిచాడు. యుద్ధం తర్వాత ఊళ్ళకి ఊళ్ళు తిరిగి కట్టాలి, మనుషులు లేరు. 1957లో ష్వింగ్ కంపెనీ రెండు సిలిండర్ల హైడ్రాలిక్ పంపు తెచ్చింది. 1958లో కార్ల్ ష్లెక్ట్ పెట్టిన కంపెనీయే తర్వాత పుట్జ్‌మైస్టర్ అయింది. 1960లలో పంపుకి మడత చెయ్యి, అంటే బూమ్ వచ్చింది. అక్కడితో గంప మోత పోయింది. కానీ అప్పటిదాకా నలభై మంది మీద తలా కాస్త పంచుకుని ఉన్న ప్రమాదం, గొట్టం పట్టుకున్న ఒక్కడి దగ్గరికి చేరింది.

ఎలాగంటే, కాంక్రీటుని నొక్కితే నలగదు. గాలి నలుగుతుంది. హాపర్‌లో మాలు తగ్గితే పంపు గాలి మింగుతుంది. ఆ గాలి పైపులో స్ప్రింగులా ముడుచుకుని కూర్చుంటుంది. ముందు ఎక్కడో కంకర అడ్డుపడి, అది ఒక్కసారిగా ఊడిందనుకోండి, చివరి గొట్టం పాములా విసిరికొడుతుంది. దాని కొసకి ఇనుప కాలర్ ఉంటే అది సుత్తే. అందుకే కొసకి ఇనుము ఉండకూడదంటారు. పంపు మొదలుపెట్టేటప్పుడు, ఆగి మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు ఎవరూ గొట్టం అందుకునే దూరంలో ఉండకూడదంటారు.

గొట్టం పొడవు మామూలుగా 4 మీటర్లకి మించొద్దనేది కూడా ఊరికే పెట్టింది కాదు. 125 మిల్లీమీటర్ల గొట్టంలో మీటరుకి దాదాపు 30 కిలోల కాంక్రీటు పడుతుంది. ఇంకో మూడు మీటర్లు తగిలిస్తే, గొట్టం బరువు కాక 90 కిలోలు బూమ్ కొసన వేలాడేసినట్టే. ఇక అతుకు సంగతి. లైను మూసుకుపోయి ఒత్తిడి 80 బార్లకి పోయిందంటే, ఆ వ్యాసం మీద తోపు సుమారు పది టన్నులు. క్లాంపు దాన్ని ఆపగలదు, దాని లివరు మూసి ఉన్నంతసేపు. లివరు తెరుచుకోకుండా కాపలా కాసేది ఆ చిన్న పిన్నే. మాకు అక్కడ వైరుంది.

ఈ తరహా క్లాంపుకి మొదటి ప్రపంచ యుద్ధంతో చుట్టరికం ఉంది. బ్రిటిష్ సైనిక ఇంజినీరు ఎర్నెస్ట్ ట్రైబ్ పైపుల్ని త్వరగా కలిపే పద్ధతి కనిపెట్టాడు. విక్టరీ, హైడ్రాలిక్ రెండూ కలిపి విక్టాలిక్ అని పేరు పెట్టారు. పైపు కొసన గాడి తీసి క్లాంపు బిగించడం దాని కిటుకు. కాంక్రీటు వాళ్ళకి అది చాల్లేదు, గాడి తీస్తే గోడ పల్చబడుతుంది కదా. అందుకే ఒత్తిడి ఎక్కువున్న చోట అంచు ఉబ్బెత్తుగా ఉండే పైపులొచ్చాయి.

మన దగ్గర 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం కింద 1998లో వచ్చిన కేంద్ర నియమాలు కాంక్రీటు పైపుల గురించి మాట్లాడాయి. ప్రతి వంపు దగ్గరా, చివరా గట్టిగా కట్టాలన్నాయి, పైన గాలి వదిలే వాల్వు ఉండాలన్నాయి. చదివితే పరంజా మీద పాకే పైపు కళ్ళ ముందుకొస్తుంది తప్ప గాల్లో ఊగే గొట్టం కాదు. పైగా పది లక్షల లోపు ఖర్చుతో కట్టుకునే సొంతిల్లు ఆ చట్టంలోకే రాలేదు.

సరే, నంగునూరు సంగతి. రెండో ట్రక్కు ఆలస్యమైంది. వచ్చాక పంపు వేశారు. గొట్టం ఒకసారి దగ్గింది, అంతే. ఎగిరి పిల్లర్ చువ్వల్ని కొట్టింది. రెండు చువ్వలు కొక్కెంలా వంగిపోయాయి. కుర్రాడు అప్పుడే మంచినీళ్ళకి నాలుగడుగులు పక్కకి వెళ్ళాడు. ఎవరూ పక్కకి పొమ్మనలేదు, వాడికి దాహమేసింది.

మా మామ పంపు ఆపించాడు. "ఆ రెండో గొట్టం ఊడదియ్యి" అన్నాడు. ఆపరేటర్ గొణుగుతూనే పంపుని రివర్స్ తిప్పి, ఒత్తిడి తీసేసి, వైరు కోశాడు. అందని ఆ వెనక మూలకి అటక మీంచి పాత గంపలు దించి, మేమే ఎనిమిది మందిమి వరసగా నిలబడి మాలు అందించుకున్నాం. నా భుజాలు ఇంకా నొప్పిగానే ఉన్నాయి.