ఈ బోల్టు దీనిది కాదు

వేళ్లతోనే తిప్పండి. పానా జోలికి ఇంకా వెళ్లకండి.

బోల్టు ఒక చుట్టు సాఫీగా తిరిగింది. రెండో చుట్టు సగంలో పట్టేసింది. మీ మోకాలి కింద చల్లటి ఇనుము, ఎడమచేతిలో టార్చిలైటు, ముక్కు నిండా తుప్పు వదిలించే నూనె వాసన. రేకుల షెడ్డు మీద వాన పడుతోంది. దక్షిణ ఇంగ్లండులోని డోర్సెట్ జిల్లా ఇది. ఊరి పేరు వూల్. పక్కనే బోవింగ్టన్, ట్యాంకుల మ్యూజియం ఉన్న చోటు. లల్‌వర్త్ ఫైరింగ్ రేంజి నుంచి ఫిరంగుల చప్పుడు అప్పుడప్పుడూ షెడ్డు గోడను తాకుతోంది. మీరు మోకాళ్ల మీద కూర్చున్నది 1943లో తయారైన యూనివర్సల్ క్యారియర్ లోపల. పైకప్పు లేని, ట్రాకుల మీద నడిచే చిన్న కవచ వాహనం.

"అన్నా, జోర్ పెట్టకు," అంటున్నాడు బండి అంచు మీంచి వంగిన కుర్రాడు. "రెండు సుట్లకే పట్టిందంటే అది దీని బోల్టు కాదు."

అతనిది సికింద్రాబాద్. తాత తిరుమలగిరిలో సైన్యపు ఈఎంఈ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. మనవడు ఇక్కడ కార్ల కంపెనీలో ఇంజినీరు. సెలవు దొరికితే ఈ షెడ్డులోనే ఉంటాడు. మీ చేతిలోది మూడు సూత్‌ల బోల్టు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతులు మూడు. బెజ్జమూ మూడు సూత్‌లదే. పొడవు సరిపోయింది, లావు సరిపోయింది. అయినా ఎక్కడం లేదు.

అతను థ్రెడ్ గేజీ అందిస్తున్నాడు. రంపపు పళ్లున్న సన్నటి ఉక్కు రేకుల కట్ట అది. ఒక్కో రేకునూ బోల్టు మర మీద ఆనించి, వెనక నుంచి టార్చి వేసి చూడండి. వెలుతురు ఎక్కడా కారకుండా కూర్చున్న రేకు మీద 24 అని ఉంది. అంగుళానికి 24 మరలు, అమెరికా లెక్క. ఇప్పుడు బెజ్జంలోంచి తీసిన పాత బోల్టు ముక్క మీద చూడండి. 20 దగ్గర కూర్చుంది. బ్రిటిష్ స్టాండర్డ్ ఫైన్, ఇక్కడివాళ్లు బీఎస్ఎఫ్ అంటారు. మర కోణం కూడా తేడాయే. బ్రిటన్‌ది 55 డిగ్రీలు, అమెరికాది 60. చూపుకు ఇది తెలియదు. పానాతో బలం పెడితే బోల్టు లోపలికి పోతుంది కూడా. రెండు మరలూ ఒకదాన్నొకటి నలుపుకుంటూ పోతాయి. బిగిసిందని మీరు నమ్ముతారు, బండి నాలుగు గుంతలు ఎక్కి దిగేసరికి ఊడొస్తుంది.

బోల్టు తలను గుడ్డతో తుడవండి. ఒకదానికొకటి ఆనుకున్న చిన్న వలయాలు కనిపిస్తున్నాయా? అది యూనిఫైడ్ మర గుర్తు. 1948 నవంబరులో వాషింగ్టన్‌లో అమెరికా, బ్రిటన్, కెనడా కూర్చుని ఇకమీద మనందరికీ ఒకే మర అని ఒప్పుకున్నాక వచ్చిన గుర్తు. 1943 నాటి బండిలో ఇది ఉండే అవకాశమే లేదు. యుద్ధం ముగిశాక ఇలాంటి బండ్లు ఎన్నో రైతుల చేతికి పోయాయి. మొద్దులు లాగడానికి, బురద పొలాల్లో సామాను మోయడానికి వాడుకున్నారు. ఇదీ అలా బతికిన బండే. ఆ రోజుల్లో ఎవరో చేతికందిన బోల్టు ఈ బండిలో ఎక్కడో దూర్చారు. వారిది పని గడవాల్సిన అవసరం, వారిని తప్పుపట్టను. మనకు ఆ తొందర లేదు.

పెద్దాయన టీ కప్పుతో వచ్చి మీ భుజం మీంచి చూస్తున్నాడు. షెడ్డు ఆయనదే, బండి ఆయనదే. బోల్టు తీసుకుని, తల చూసి, మాట్లాడకుండా తగరపు డబ్బాలో వేశాడు. డబ్బా మీద సుద్దముక్కతో 'దీనివి కావు' అని రాసి ఉంది. దాదాపు నిండింది.

ఈ బండిలో ఇంత చిక్కు ఎందుకంటే, దాని పుట్టుకలోనే రెండు దేశాలున్నాయి. పైపెట్టె బ్రిటన్‌ది. 7 నుంచి 10 మిల్లీమీటర్ల కవచపు పలకలను రివెట్లతో, బోల్టులతో కలిపారు. గుండె మాత్రం అమెరికా గీసిన ఫోర్డ్ వీ8 పెట్రోలు ఇంజన్, 85 హార్స్‌పవర్. పలకల దగ్గర బీఎస్ఎఫ్, ఇంజన్ దగ్గర అమెరికా మర. రెండూ కలిసే బ్రాకెట్టు దగ్గర ఒకే చేతి వెడల్పులో రెండు రకాల బోల్టులూ ఉంటాయి. ఇలాంటివి బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, అమెరికాలలో కలిపి లక్షకు పైగా తయారయ్యాయి. బ్రిటన్‌లోనే ఫోర్డ్, థార్నిక్రాఫ్ట్, సెంటినెల్, ఏవ్లింగ్-బార్‌ఫర్డ్ లాంటి కంపెనీలు తలా కొన్ని చేశాయి. న్యూజిలాండ్‌లో రైల్వే వర్క్‌షాపులో కూడా చేశారు. ఒక కంపెనీ బండిలో సరైన బోల్టు ఇంకో కంపెనీ బండిలో సరైనది కాకపోవచ్చు.

మన సైన్యమూ ఈ తరగతి బండ్లలో తిరిగింది. 1941 ఫిబ్రవరిలో సూడాన్ సరిహద్దు దాటి ఇథియోపియాలోని మెటెమ్మా దారిలో ప్రేమీంద్ర సింగ్ భగత్ అనే యువ సాపర్ అధికారి మందుపాతరలు ఏరుకుంటూ దళానికి ముందు నడిచింది క్యారియర్‌లోనే. నాలుగు రోజులు, 55 మైళ్లు, 15 మందుపాతరల క్షేత్రాలు. రెండుసార్లు కింద ఉన్న బండి పేలిపోయింది, మరో బండి ఎక్కి సాగాడు. ఆయనకు విక్టోరియా క్రాస్ వచ్చింది. మీ అరచేతిని ఈ నేల పలక మీద ఆనించండి. ఇంతే మందం. దీన్ని పట్టి ఉంచిన బోల్టు ఏదైతేనేం అనే మాట ఆ తర్వాత నాకు నోట రాదు.

ఇప్పుడు పానా. బల్ల మీద వరసగా ఉన్నవాటిలో 3/8 అని రాసి ఉన్నది తీయండి, పక్కన ఉన్న మూడు సూత్‌ల బీఎస్ఎఫ్ బోల్టు తలకు పెట్టండి. వదులు. పాత విట్‌వర్త్ పానా మీద రాసే అంకె తల వెడల్పు కాదు, బోల్టు కాడ లావు. అదీ ముతక మర బోల్టుది. మూడు సూత్‌ల ముతక బోల్టు తల 0.710 అంగుళం, సన్న మరదైతే 0.600. యుద్ధంలో ఉక్కు ఆదా చేయడానికి ముతక బోల్టుల తలలనూ ఒక సైజు తగ్గించేశారు. దాంతో తల వెడల్పే ఒక తేదీ చీటీ అయింది. పెద్ద తల ముతక బోల్టు కనిపిస్తే తగ్గింపుకు ముందు చేసిందని చెప్పొచ్చు. బండి వయసు మాత్రం దాన్నిబట్టి తేల్చలేం. గోదాముల్లో మిగిలిన పాత సరుకును యుద్ధకాలంలో ఎవరు పారేస్తారు?

పెద్దాయనకు ఇవాళ అసలు పట్టింపు బోల్టు గురించి కాదు. పెట్రోలు పైపు గురించి. మిమ్మల్ని ఇంజన్ పక్కకు జరగమంటున్నాడు. క్యారియర్‌లో ఇంజన్ బండి నడుమ ఉంటుంది, దానికి రెండు పక్కలా సైనికులు కూర్చునే అరలు. ఇక్కడ పెట్రోలు చుక్క కారితే పడేది మనుషుల పక్కనే, కాలే ఇంజన్ పక్కనే. బండి కట్టినవాళ్లు పెట్టిన కుళాయి వైపు బ్రిటిష్ పైపు మర, ఇంజన్ పంపు వైపు అమెరికా పైపు మర. రెండింటికీ పేరు ఒకటే, ఒక సూత్. అది పేరుకే. కొలిస్తే రెండూ దాదాపు 10 మిల్లీమీటర్ల లావు. బ్రిటిష్‌ది అంగుళానికి 28 మరలు, అమెరికాది 27.

ఒక్క మర తేడా. మూడు సూత్‌ల బోల్టు రెండో చుట్టుకే నిజం చెప్పేసింది. ఇది చెప్పదు. మూడు, నాలుగు చుట్లు హాయిగా ఎక్కుతుంది, చివర్లో గట్టిగా బిగుస్తుంది, చేతికి సరిగ్గా కుదిరినట్టే ఉంటుంది. ఈ బండికి ఉన్న యూనియన్ నట్టు విప్పి చూడండి. మర మీద తెల్లటి టేపు పోగులు. ఎప్పుడో కారుతుంటే ఎవరో టేపు చుట్టారు. ఆ పోగుల్లో ఒకటి తెగి కార్బురేటర్ దాకా పోతే సన్నటి జెట్టు మూసుకుపోతుంది. టేపు కింద మరను గేజీతో కొలవండి. 28. దూర్చింది 27 బెజ్జంలో.

"తాత ఒకటే మాట అంటుండె," అన్నాడు కుర్రాడు. "కారే కాడ టేపు కాదురా, కొలత పెట్టు అని."

పెద్దాయన పాత విడిభాగాల జాబితా తెరిచాడు. అసలు పుస్తకం మ్యూజియం గ్రంథాలయంలో ఉంది, ఇది నకలు. ఒక్కో పేజీలో యంత్రాన్ని విడివిడిగా విప్పి గీసిన బొమ్మ, ప్రతి ముక్కకూ అంకె, ఎదురు పేజీలో ఆ అంకెకు సైన్యం ఇచ్చిన నంబరు. పెట్రోలు గొట్టం పేజీ మీద గ్రీజు వేలిముద్రలు. ఆ నంబరు చీటీ మీద రాసి మీ జేబులో పెట్టాడు. "కెంట్‌లో పాత సైనిక సామాను సంత ఉంది," అన్నాడు.

సంత రోజు పొద్దున్నే పొలం మీద మంచు ఇంకా ఆరలేదు. మీ బూట్లు తడిసి బరువెక్కాయి. వరసల్లో బల్లలు, టార్పాలిన్లు, లారీల వెనక తలుపులు. హెల్మెట్లు, పెట్రోలు డబ్బాలు, గ్యాస్ మాస్కులు పెట్టిన ముందు వరసలను దాటి వెనక్కి రండి. అక్కడ బల్లలు ఉండవు, పెట్టెలే. గ్రీజులో ముంచిన గేరు చక్రాలు, గుత్తులుగా కట్టిన స్ప్లిట్ పిన్నులు, టెకలమిట్ గ్రీజు నిపిళ్లు, గడ్డిలో పాములా పడుకున్న ట్రాకు ముక్క. ట్రాకు పక్కనున్నాయన ఆస్ట్రేలియా పొలంలోంచి తెచ్చానంటున్నాడు. ఆస్ట్రేలియా క్యారియర్ పెట్టె వెల్డింగుది, మనది రివెట్లది. దాని ముక్కలు కొనేముందు జాబితా చూసుకోవాలి.

విజయవాడ ఆటోనగర్‌లో అయితే ఈ యూనియన్ నట్టును గంటలో లేతు మీద తీసి చేతిలో పెడతారు, మర కూడా తప్పదు. అది చేతకాక కాదు ఇంతదూరం రావడం. అసలుది దొరికే అవకాశం ఉన్నంతవరకు వెతకడం మన బాధ్యత.

ఇదిగో, ఈ పెట్టెలో చూడండి. మైనపు కాగితంలో చుట్టిన పొట్లాలు. చీటీ మీద టైపు చేసిన నంబరు సగం చెరిగింది. యుద్ధంలో నాటింగమ్ దగ్గర చిల్వెల్ డిపో నుంచి సైన్యం బండ్లకు విడిభాగాలు ఇలాగే కదిలాయి. అమ్మే ఆవిడను అడిగి కాగితం మడత ఒక మూల విప్పండి. లోపల గ్రీజు గట్టిపడి తేనె రంగులోకి వచ్చింది. గోటితో గీకితే ఇత్తడి మెరుస్తుంది. మర మీద గేజీ పెట్టండి. 27. కొనండి, బేరం ఎక్కువ ఆడకండి.

పక్క బల్ల మీద అదే నట్టు, శుభ్రంగా, ఎక్కువ ధరకు ఉంది. దాని మీద బాణం గుర్తు. బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి అని చెప్పే గుర్తు అది. భూతద్దం పెట్టండి. పూత పైన వేసిన ముద్ర ఇది. బాణం గీతల అంచుల్లో పూత చీలి కొత్త లోహం మెరుస్తోంది. అసలు ముద్ర పూతకు ముందే పడుతుంది, గాడి లోపల కూడా అదే పాత రంగు ఉంటుంది. ఈ దొంగ ముద్ర నాకు తుప్పుకన్నా కోపం తెప్పిస్తుంది. తుప్పు ముక్కను తినేస్తుంది, అంతే. ఇది రేపు ఈ బండిని చూసి నేర్చుకోబోయే మనిషికి అబద్ధం చెబుతుంది.

షెడ్డుకు తిరిగొచ్చాక సంచీలోంచి ఇంకో ముక్క తీశారు. గ్రీజు తుడిస్తే 'సి' అక్షరం లోపల బాణం. కెనడా గుర్తు. ఇది బ్రిటన్ బండి కదా, దీన్ని కూడా తగరపు డబ్బాలో వేయాలా? పెద్దాయన వద్దంటున్నాడు. యుద్ధంలో సైన్యపు వర్క్‌షాపుకు కెనడా సరుకు వస్తే అదే బిగించారు. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు రూపమే సరైనదనుకుంటే ఈ ముక్క తప్పు. సైన్యంలో బతికిన బతుకంతా సరైనదే అనుకుంటే ఇదీ ఒప్పు. నేను రెండో పక్షం. 1944లో ఏదో గుడారంలో, చీకట్లో ఈ బండిని మళ్లీ నడిపించిన ఫిట్టరు పనిని చెరిపే హక్కు నాకు లేదు. 1960ల నాటి రైతు బోల్టుకు ఆ మర్యాద ఎందుకివ్వలేదని మీరు అడగొచ్చు. అది మరను చెడగొడుతుంది. చెడగొట్టనిది అయి ఉంటే ఫొటో తీసి, రాసిపెట్టి, అప్పుడు తీసేవాణ్ని.

బోవింగ్టన్ మ్యూజియంలోని టైగర్ 131నే చూడండి. 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో బ్రిటిష్ సైన్యానికి చిక్కిన జర్మన్ ట్యాంకు, ఇప్పటికీ నడుస్తుంది. అందులో ఇప్పుడున్న మేబాక్ ఇంజన్ మొదటిది కాదు, వేరే రకానిది. మ్యూజియం ఆ సంగతి దాచలేదు. మారిన ముక్క మారిందని తెలిసి ఉండాలి, నా పట్టుదల అంతవరకే.

ఎంత వెతికినా దొరకనివి ఉంటాయి. ఇంజన్ మూత కీలు పిన్ను అలాంటిది. దాన్ని పెద్దాయన లేతు మీద తీశాడు. కొలతలన్నీ విరిగిన పాత పిన్ను నుంచే. ఇప్పుడు పంచ్ మీ చేతికిస్తున్నాడు. పిన్ను లోపలి కొస మీద, బిగించాక కనపడని చోట, ఈ ఏడాది అంకెలు కొట్టండి. బాణం వద్దు. సుత్తి ఒక్కో అంకెకు ఒక్కటే దెబ్బ, రెండో దెబ్బకు ముద్ర జారుతుంది.

ఇక పైపు. రాగి గొట్టం కొసకు కొత్త నట్టు తొడిగి, పంపు వైపు బెజ్జానికి ఎదురుగా తిన్నగా పట్టండి. వేళ్లతోనే. ఒకటి, రెండు, మూడు. క్రమంగా బిగుసుకుంటోంది. అమెరికా పైపు మర కొస వైపు సన్నబడుతూ పోతుంది కాబట్టి ఈ బిగుతు రావాల్సిందే. మొదటి బోల్టు ఉన్నట్టుండి పట్టేసింది గుర్తుందా, ఇది అలా కాదు. ఇప్పుడు పానా, ముప్పావు చుట్టు. అవతలి కొసన కుళాయికి 28 మరల నట్టు విడిగా. కుర్రాడు సైకిలు పంపు తగిలించి గాలి కొడుతున్నాడు. మీరు కుంచెతో సబ్బునీళ్లు పూయండి.

పంపు వైపు బుడగ లేదు. కుళాయి వైపు ఒక్కటి లేచింది, చిన్నది. పెద్దాయన వంగి చూశాడు. మర వల్ల కాదు, లోపలి శంకువు ముఖం మీద గీత ఉందన్నాడు. విప్పమన్నాడు. కుర్రాడు గాలి వదిలేసి, సానపట్టే పేస్టు డబ్బా మూత తీస్తున్నాడు.