కథానికాంగములు: తెలుగు కథ నడచిన దారి

కథ చెప్పుటయు, వినుటయు మన జాతికి క్రొత్తవి కావు. శాతవాహనుల పేరుతో ముడివడిన గుణాఢ్యుని బృహత్కథ మొదలు, 13వ శతాబ్దమున కేతన తెనిగించిన దశకుమారచరిత్రము వరకు మనకు కథలకు కొదువ లేదు. అయినను నేడు మనము కథానిక యని పిలుచునది వేరొక రచన. అది ఏ యంగములతో ఏర్పడినదో, అవి తెలుగున ఎట్లు కుదురుకొన్నవో మన గ్రంథాలయ పాఠకులకు ఈ రజతోత్సవ సంచికయందు మనవి చేయదలచితిని.

కథానిక యను పేరు ప్రాచీనమే. అగ్నిపురాణము గద్యకావ్యమును ఆఖ్యాయిక, కథ, ఖండకథ, పరికథ, కథానిక యని అయిదు విధములుగా విభజించినది. కథానికలో భయము, గర్భమున కరుణము, తుదను అద్భుతము ఉండవలెనని అందలి లక్షణము. పాశ్చాత్యులలో ఎడ్గార్ ఎలన్ పో అను అమెరికా రచయిత 1842లో హాథారన్ కథలను సమీక్షించుచు, కథ ఒక్క పట్టున చదువదగినదిగా నుండవలెననియు, అందలి ప్రతి మాటయు ఒకే ఫలమును సాధింపవలెననియు చెప్పెను. మనవారు రసముల వరుసను చెప్పిరి. ఆయన ఏకాగ్రతను చెప్పెను. తెలుగు కథానికకు రెండును అక్కరకు వచ్చినవి.

కథకు ప్రాణము సంఘర్షణము. 1902లో హిందూసుందరి పత్రికలో వెలువడిన భండారు అచ్చమాంబగారి ‘ధనత్రయోదశి’లో రాక్షసుడు లేడు, శాపము లేదు. పండుగపూట ఒక పేదయింట దారిద్ర్యమునకును ధర్మమునకును పోరు జరుగును. ఆ పోరున ధర్మము పక్షమున నిలిచినది ఇల్లాలు. కథావస్తువు రాజాంతఃపురము విడిచి సామాన్యుని గడపలోనికి వచ్చినది.

గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’ 1910లో ఆంధ్రభారతియందు అచ్చయినది. ఒక రాత్రి, ఒక యిల్లు, మువ్వురు మనుష్యులు. అర్ధరాత్రి దాటిన పిమ్మట ఇల్లు చేరిన గోపాలరావునకు చీకటిలో భార్య కానరాదు; ఇది భయము. ఆమె వ్రాసిన ఉత్తరము చదివి పశ్చాత్తాపపడును, ఇది కరుణము. మంచము క్రిందనుండి కమలిని నవ్వు వినవచ్చును, ఇది అద్భుతము. పురాణలక్షణము చెడలేదు. అయితే అద్భుతము దైవానుగ్రహమువలన గాక ఒక చదువుకొన్న స్త్రీ బుద్ధిబలమువలన కలిగినది. ఇక దృష్టికోణము మాట. రచయిత మనలను గోపాలరావు వెంటనే నడిపించును. కమలిని దాగియున్న చోటు ముందే చెప్పినచో కథ అక్కడనే కూలిపోయెడిది. ఏది చెప్పవలెనో యెంత ముఖ్యమో, ఏది ఎప్పటివరకు దాచవలెనో యంత ముఖ్యము.

స్థలకాలములు వట్టి తెర కావు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో ద్వితీయ బహుమతి పొందిన పాలగుమ్మి పద్మరాజుగారి ‘గాలివాన’లో తుపాను, రైల్వే స్టేషను లేనిచో రావుగారి నియమములు సడలవు, బిచ్చగత్తె మనసు ఆయనకు తెలియదు. అచట వాతావరణమే పాత్రను పరీక్షించినది.

మన తెలంగాణమున కథ గ్రంథాలయముల చేయి పట్టుకొని నడచినది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. ఆ యుద్యమమునకు పెద్దదిక్కయిన మాడపాటి హనుమంతరావుగారు 1912లోనే ‘హృదయశల్యము’ వ్రాసిరి. ప్రేమ్‌చందు కథలను తెనిగించిరి. 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక వెలువడిన పిమ్మట ఇచటి రచయితలకు ఒక వేదిక దొరకినది.

ఇక మన బొగ్గుసీమ. 1889లో ఇల్లందువద్ద మొదలయిన తవ్వకము 20వ శతాబ్దపు నడిమికాలమున రామగుండమునకు చేరినది. కాడి విడిచిన రైతు తట్ట పట్టెను. మంథని ప్రాంతమువారైన అల్లం రాజయ్యగారు మొదలగువారు ఈ మార్పును కథలలోనికి తెచ్చిరి. వారితో భాషయు కథాంగమైనది. ‘బాయి’, ‘మస్టరు’, ‘షిఫ్టు’ అను మాటలు లేక ఈ సీమ మనిషి కథలో నోరు విప్పలేడు.

ఈ యంగములను గూర్చి తెలిసికొనుట పాండిత్యప్రదర్శనమునకు కాదు. ఓపెన్‌కాస్టు గనులు విస్తరించిన కొలది ఈ సీమలో కొన్ని ఊళ్లు ఉన్నచోటు విడువవలసివచ్చినది. లెక్కలు వ్రాయు వృత్తిలోనున్నవాడను గనుక ఒక్క మాట చెప్పగలను. పహాణీలో సర్వే నంబరుండును, విస్తీర్ణముండును, పట్టాదారు పేరుండును. ఆ పొలమున చేదబావి గట్టున ఎవరు ఎవరితో ఏ మాట యన్నారో, ఇల్లు విడుచు దినమున ముసలితల్లి ఏ వస్తువును చేతబట్టుకొన్నదో పహాణీలో నుండదు. దానికి గడి లేదు. ఆ లెక్క కథానికయే వ్రాయవలెను.

కావున మన గ్రంథాలయమున కథలు చదువు యువతీయువకులకు నా విన్నపము. ఒక మనిషిని తీసికొనుడు. అతనికి ఒక చిక్కు, ఒక చోటు, ఒక పూట ఇండు. అతని మాట అతని నోటనే పలికింపుడు. అక్కరలేని దానిని కొట్టివేయుడు. తుది వాక్యము నీతిబోధ కాకుండ చూచుకొనుడు. పెద్దలు బ్రతికియుండగనే వారిని అడిగి వ్రాయుడు. అట్టి కథలు పది వ్రాతప్రతులుగా మన బీరువాలో చేరినను, ఈ ఉత్సవము సార్థకమైనట్లే.