మెడలోని ఇరుసు

1862లో ఎడ్విన్ స్మిత్ అను అమెరికన్ లక్సర్ నగరమునందు ఒక పాత పపైరస్ చుట్టను కొనెను. క్రీస్తునకు పూర్వము సుమారు 1600 నాటి ఆ ఈజిప్టు ప్రతిలో 48 రోగుల సంగతులున్నవి. మెడపూస తొలగి కాలుసేతులలో తెలివి లేనివానిని గూర్చి, ఇది చికిత్స చేయదగని వ్యాధి యని అందు వ్రాయబడినది. శస్త్రమునకు సంబంధించినంతవరకు ఆ తీర్పు మూడువేల యేండ్లకు పైగా చెల్లినది.

తలపుర్రెను మోయు మొదటి పూస ఉంగరమువలె నుండును. ఆకాశమును మోసిన గ్రీకు వీరుని పేర దానిని అట్లాస్ అందురు. రెండవ పూసనుండి పంటివంటి మొన యొకటి ఆ ఉంగరములోనికి లేచి యుండును. తలను ప్రక్కలకు త్రిప్పుటలో ఇంచుమించు సగము ఈ ఇరుసుపైననే జరుగును. మొన విరిగినను, దానిని పట్టియుంచు బంధకము తెగినను, పుట్టుకతోనే లోపమున్నను పైపూస జారును. వెనుకనే వెన్నుపాము! అది నలిగినచో ఊపిరియే నిలిచిపోవచ్చును.

1910లో మిక్స్టర్, ఆస్‌గుడ్ అను అమెరికన్ వైద్యులు పట్టుదారముతో రెండు పూసలను కట్టివేసిన వృత్తాంతమును ప్రకటించిరి. 1939లో టొరొంటో వైద్యుడు గాలీ తీగతోపాటు ఎముకముక్కను చేర్చెను. అయితే కట్టు వేయుటకు పూసలు ముందుగా తమ చోటికి రావలెను గదా! నెలలు, ఏండ్లు గడచిన తొలగింపులో అవి జారినచోటనే బిగిసిపోవును. తలకు బరువు కట్టి లాగినను కదలవు. అట్టివారికి నోటిగుండా, గొంతు వెనుకగోడను కోసి, నొక్కుచున్న మొనను తొలచి తీసివేయుట మార్గమైనది. నోరు క్రిములకు నిలయము. సాహసమే గాని, సుఖమైన త్రోవ కాదు. పైగా వెనుకనుండి మరల కట్టు వేయవలసి వచ్చెడిది.

ముంబయి పరేలులోని కె.ఇ.ఎం. ఆసుపత్రియందు అతుల్ గోయల్‌గారు పూసల ప్రక్కభాగములలో మరలు దిగించి, పలకతో బిగించు పద్ధతిని 1994లో ప్రకటించిరి. 2001లో జర్మనీ వైద్యులు హార్మ్స్, మెల్చర్ పలకకు మారుగా కడ్డీని వాడిరి. పలక కంటె నాకు ముఖ్యముగా తోచినది వేరొకటి. ఈ దారిని పోయినవానికి కీలే కంట పడును. సర్దరానిదని విడిచిన కీలును తెరచి చూడగా, పెక్కుమందిలో అది అతుకుకొని యుండలేదు. పట్టుబడి మాత్రమే యున్నది. దానిని సడలించి, మృదులాస్థిని గీకి, నడుమ ఎముకముక్కల నుంచి, పూసలను చోటికి తెచ్చి బిగింతురు. చేరువనే మెదడునకు పోవు రక్తనాళమున్నది గనుక చేయి తొణకరాదు. ఎముకలు నిజముగా కలిసిపోయినవారికి నేటికిని నోటిత్రోవ అవసరము కావచ్చును.

ఇరుసు మాత్రము మరల తిరుగదు. వెనుకనుండి ఎవరైన పిలిచినచో, ఆ రోగి భుజములతోగూడ తిరిగి చూచును.