సంత తిత్తి

ఇన్ ఎక్స్‌ట్రీమో బ్యాండ్‌ని మొదటిసారి విన్నప్పుడు నన్ను పట్టేసింది గిటార్ కాదు, దాన్ని చీల్చుకుంటూ వచ్చిన బ్యాగ్‌పైప్. ఎనిమిది వందల ఏళ్ల నాటి మోత అనుకున్నాను. కాదట. ఆ వాద్యం పేరు మార్క్ట్‌సాక్‌ఫైఫె, అంటే సంత తిత్తి. ఆకారం పాత బొమ్మల్లోంచి తీసుకున్నదే గానీ, ఇప్పుడు మనం వినే రూపం 1980లలో తూర్పు జర్మనీలో తయారైంది. మైకుల్లేకుండా సంతలో పోయేవాళ్లని ఆపాలి, అందుకే అంత గట్టిగా మోగుతుంది. మెల్లగా వాయిద్దామన్నా కుదరదు.

మెటల్‌తో అతకడానికి ఇంకో కారణముంది. మన శ్రుతిపెట్టెలాగే తిత్తి కింద శ్రుతి ఆగకుండా సాగుతుంది. హెవీ గిటార్ పవర్ కార్డ్‌లో ఉండేవీ షడ్జమం, పంచమమే. గాంధారం లేదు కాబట్టి గొడవా లేదు!

1995లో బెర్లిన్‌లో మొదలైన ఈ బ్యాండ్ 1998 ఆల్బమ్ ‘వెక్ట్ డీ టోటెన్!’లో ‘పాలెస్టీనాలీడ్’ పాడింది. వాద్యం కొత్తదైనా ఈ పాట నిజంగా పాతది. 13వ శతాబ్దంలో వాల్టర్ ఫాన్ డెర్ ఫోగెల్‌వైడె కట్టాడు. అర్థం తెలియకుండా నెలల తరబడి కూనిరాగం తీశాను. తర్వాత చదివితే తెలిసింది, అది క్రూసేడ్ల పాట. క్రైస్తవులు, యూదులు, అన్యమతస్థులు అందరూ ఆ నేల మాదే అంటున్నారని చెబుతూనే, న్యాయం మాత్రం మా వైపే అని తేల్చేస్తాడు కవి.

ఆ తిత్తి మోగితే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. పాట దాటేయను. కూనిరాగం మాత్రం రావడం లేదు.