బ్రేకరు వెనుకనున్న బలము

హైదరాబాదునకు తూర్పున, ఉప్పల్ దాటి వరంగల్ వెళ్ళు రహదారిపై, మేడిపల్లి–నారపల్లి ప్రాంతమున కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థవారి ప్రయోగశాల ఒకటి ఉన్నది. 1960లో బెంగుళూరులో స్థాపింపబడిన ఈ సంస్థ విద్యుత్ సామగ్రిని పరీక్షించును. నారపల్లివద్ద ముఖ్యముగా పరీక్షించునది అత్యధిక వోల్టేజికి ఓర్చుకొను శక్తిని. సర్క్యూట్ బ్రేకరునకు ఇంకొక పరీక్ష కూడ కలదు. షార్టు సర్క్యూటులో పారు మహాప్రవాహమును అది త్రెంపగలదా? అందుకు ఆ సంస్థకే బెంగుళూరు, భోపాలులలో వేరు ప్రయోగశాలలు కలవు.

ఆ ప్రవాహము ఎంత? దానిని నిర్ణయించునవి మన దీపములు, మోటార్లు కావు. తూము ద్వారా పొలమునకు ఎంత నీరు పారుచున్నను, గట్టు తెగినప్పటి వరద చెరువును బట్టి ఉండును గదా! అట్లే తీగలు కలిసిపోయినపుడు ప్రవాహమునకు అడ్డు నిలుచునవి జనరేటరు, ట్రాన్స్‌ఫార్మరు, తీగల అవరోధములు మాత్రమే.

1918లో అమెరికాలో చార్లెస్ ఫోర్టెస్క్యూ ఒక గణితమార్గము చూపెను. మూడు ఫేజులలో ఒకదానికే కీడు కలిగినను ప్రవాహమును లెక్కించుట దానివలన సాధ్యమైనది. 1920లో హుస్సేన్‌సాగరు ఒడ్డున బొగ్గు విద్యుత్కేంద్రము వెలసినది. అది చిన్నది, షార్టు సర్క్యూటుకు అది ఈయగల బలమును పరిమితమే. 1983లో రామగుండమున జాతీయ థర్మల్ కేంద్రపు తొలి యూనిట్ పనిచేయసాగినది. 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్డు దేశపు గ్రిడ్డుతో కలిసినది. చెరువు సముద్రమైనది! నేడు వీధిలోని ట్రాన్స్‌ఫార్మరుకు వెనుకనున్న బలమును అపారమని తలచి లెక్కించుట క్షేమకరము.

నాచారమున ఒక చిన్న కార్ఖానా ఉన్నదనుకొందము. దాని ప్రధాన బ్రేకరు నిత్యము 100 ఆంపియర్లు మోయగలదు. ఆపదలో 10,000 ఆంపియర్లు త్రెంపగలదు. ప్రక్కనున్నది 100 కిలోవోల్టు ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మరు, వోల్టేజి 433, అవరోధము 4.5 శాతము. దాని పూర్తి భారప్రవాహము 133 ఆంపియర్లు. దీనిని 0.045తో భాగించినచో సుమారు 3,000 ఆంపియర్లు. భయము లేదు.

కొంతకాలమునకు వాడకందారులు పెరిగి, అదే అవరోధ శాతము గల 500 కిలోవోల్టు ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మరు వచ్చినది. పూర్తి భారప్రవాహము 667. షార్టు సర్క్యూటులో సుమారు 14,800 ఆంపియర్లు! కార్ఖానాలో ఒక్క మోటారైనను పెరుగలేదు. అయినను బ్రేకరు చాలకపోయినది. ప్రవాహము ఐదు రెట్లైనచో లోహపు కడ్డీలపై పడు బలము ఇరువదియైదు రెట్లగును. త్రెంపజాలని బ్రేకరులో విద్యుచ్చాపము ఆరక, పెట్టె పగిలి, దగ్గరనున్నవారిని కాల్చివేయగలదు.

పొడవైన కేబులు ఈ ప్రవాహమును తగ్గించును. తిరుగుచున్న మోటార్లు క్షణకాలము దానిని పెంచును. కావున ఈ లెక్క తొలి అంచనా మాత్రమే. కాని దానికి కావలసినవి ట్రాన్స్‌ఫార్మరు ఫలకముపై చెక్కిన మూడంకెలే: సామర్థ్యము, వోల్టేజి, అవరోధ శాతము. ట్రాన్స్‌ఫార్మరు మారినప్పుడెల్ల వీనిని విద్యుత్ సంస్థవారినడిగి, లెక్కను మరల చేయవలెను.