ఫోన్ కాల్‌తో చేరేవారికీ వెయిటింగ్ రూమ్: సెట్టింగ్ ఎలా పెట్టాలి?

జూమ్, మైక్రోసాఫ్ట్ టీమ్స్ మీటింగుల్లో ఇంటర్నెట్ లేకున్నా మామూలు ఫోన్ నుంచి చేరొచ్చు. ఇన్విటేషన్‌లో ఉన్న నంబర్‌కు కాల్ చేసి మీటింగ్ ఐడీ నొక్కాలి. (ఈ సౌకర్యం అన్ని ఖాతాల్లో ఉండదు. ఇన్విటేషన్‌లో కాల్ నంబర్ ఉంటేనే ఉన్నట్టు.) కీప్యాడ్ ఫోన్ వాడే నానీకి, డేటా సరిగా అందని చోట గల్ఫ్‌లో పనిచేసే అన్నకు ఇదే దారి.

చిక్కల్లా, ఇలా వచ్చినవారి ముఖం కనిపించదు. హోస్ట్‌కు సాధారణంగా నంబరే కనిపిస్తుంది. నిఖా సంబంధం మాటలో, ఆడపిల్లల ఖురాన్ క్లాసో జరుగుతుంటే ఎవరో తెలియని మనిషి మౌనంగా వింటూ కూర్చోవచ్చు.

ఉచిత ఖాతాలకు జూమ్ 2020 ఏప్రిల్ 5 నుంచి వెయిటింగ్ రూమ్‌ను తనంతట తానే ఆన్ అయ్యేలా చేసింది. వెబ్‌సైట్‌లో సెట్టింగ్స్, మీటింగ్, సెక్యూరిటీలోకి వెళ్తే అది కనిపిస్తుంది. అక్కడ 'అందరూ' అని ఎంచుకోండి, ఫోన్‌వాళ్లూ ఆగుతారు. ఫోన్‌తో చేరేవారికి కూడా పాస్‌కోడ్ అడిగే ఆప్షన్ అక్కడే ఉంది, దాన్నీ ఆన్ చేయండి. మదర్సా, ట్రస్ట్ లాంటి వాటిలో ఒకే సంస్థ ఖాతా కింద నలుగురు హోస్టులుంటే, అడ్మిన్ ఈ సెట్టింగ్‌కు తాళం గుర్తు వేయాలి. అప్పుడు ఎవరూ ఆఫ్ చేయలేరు.

టీమ్స్‌లో వెయిటింగ్ రూమ్‌ను లాబీ అంటారు. ఫోన్‌వాళ్లు లాబీ దాటి నేరుగా రావచ్చా అనేదానికి మీటింగ్ ఆప్షన్స్‌లో వేరే స్విచ్ ఉంది. చాలామంది దాన్ని చూడరు. అది ఆఫ్‌లోనే ఉండాలి.

సెట్టింగ్ సగం పనే చేస్తుంది. లోపలికి రానిచ్చేది మనిషే కదా. హోస్ట్ వెయిటింగ్ రూమ్‌కు మెసేజ్ పంపినా ఫోన్‌లో ఉన్నవారికి అది కనిపించదు. అందుకే ఎవరు ఏ నంబర్ నుంచి చేస్తారో ముందే రాసిపెట్టుకోవాలి. నంబర్ సరిపోయిందని పూర్తిగా నమ్మొద్దు, కాలర్ నంబర్‌ను నకిలీగా చూపించడం సాధ్యమే. రానిచ్చాక సలాం చెప్పి పేరు అడగండి. జూమ్‌లో మాట్లాడాలంటే వాళ్లు *6 నొక్కి మ్యూట్ తీయాలి, చెయ్యెత్తడానికి *9. గొంతు గుర్తుపట్టలేకపోతే మళ్లీ వెయిటింగ్ రూమ్‌కే పంపొచ్చు. గుర్తుపట్టాక నంబర్ స్థానంలో పేరు రాయండి. ముఖ్యంగా ఆడవాళ్ల నంబర్లు అందరి కళ్లా పడకూడదంటే, నంబర్‌లో కొన్ని అంకెలు దాచే సెట్టింగ్ కూడా జూమ్‌లో ఉంది.

ఆగినంతసేపూ కాల్ నడుస్తూనే ఉంటుంది, చార్జీ పడొచ్చు. విదేశాల్లోని వారు తాము ఉంటున్న దేశపు నంబర్ ఇన్విటేషన్‌లో ఉంటే దానికే చేయాలి. హోస్ట్ కూడా పది నిమిషాలు ముందే కూర్చుంటే పెద్దవాళ్లు ఫోన్ పట్టుకుని ఎదురుచూసే పని ఉండదు.